మిద్దె మీది మన్ను

మా మిద్దె సంగతి చెప్పాలంటే ముందు సవుడు సంగతి చెప్పాలి. ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలో మా ఊరు. ఇప్పుడు ఊరంతా సిమెంటు స్లాబులే, మన్ను మిద్దెలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో మాదొకటి. దూలాల మీద దంతెలు, దంతెల మీద కట్టెలు, కట్టెల మీద బోదగడ్డి, ఆ పైన మన్ను. ఆ మన్ను మీద ఏటా వానలకు ముందు సవుడు పోయాలి. సవుడంటే ఉప్పు తేలిన తెల్లమన్ను. చేనుకు పనికిరాదు, దాంట్లో గడ్డి కూడా మొలవదు. కానీ వాన పడితే బిగుసుకుపోయి చుక్క నీటిని కిందికి దిగనివ్వదు. చేనుకు చెడ్డదైనా ఇంటికి మంచిది. మనుషుల్లో కూడా అలాంటివాళ్ళు ఉంటారని మా అత్త అనేది, నా వైపు చూస్తూ.

సవుడు పోసే ఇళ్ళన్నిట్లో ఒక తప్పు జరుగుతుంది. ఏటా పైన కొత్తది పోస్తారు గానీ కింది పాతది దించరు. పోయడం ఒక పూట పని, దించడం గొడ్డుచాకిరీ. ఏడాదికి ఇంత చొప్పున మందం పెరుగుతుంది, బరువుకు దంతె వంగుతుంది. వంగిన చోట నీళ్ళు నిలుస్తాయి, నిలిచిన చోట కారుతుంది. కారుతోంది కదా అని ఇంకో నాలుగు గంపలు పోస్తారు. దంతె ఇంకాస్త వంగుతుంది. ఇదంతా తెలిసే చేస్తారు. నేనూ తెలిసే చేశాను.

మా ఇంట్లో ఆ పని నా కొడుకుది. వాడి చిన్నప్పుడే వాళ్ళ నాయన జబ్బు చేసి పోయాడు. వాడు మీసం సరిగ్గా రాకముందే సేద్యం నెత్తికెత్తుకున్నాడు. రోహిణి ఎండల్లో ట్రాక్టరుతో సవుడు తోలించి, కూలీలతో పాటు తనూ గంపలు మోసి, మిద్దెంతా పరిచి, నీళ్ళు చల్లి కాళ్ళతో తొక్కేవాడు. నీళ్ళు పోయే దోనె వైపు వాలు సరిగ్గా వచ్చిందో లేదో చెంబుతో నీళ్ళు పోసి చూసేవాడు. పైనుంచి "మా, మజ్జిగ!" అని వాడు కేకేస్తే నాలుగిళ్ళవాళ్ళు నవ్వేవాళ్ళు. నాలుగేళ్ళ కిందట అలా సవుడు పోసిన కొన్నాళ్ళకే చాగలమర్రి దగ్గర హైవే మీద లారీ గుద్ది పోయాడు. ఆ సంగతి ఇంతకన్నా రాయను. రాయలేక కాదు, రాయను.

అప్పటికి వాడి పెళ్ళయి రెండేళ్ళు కూడా నిండలేదు. బిడ్డలు లేరు. కోడలికి తల్లీ తండ్రీ లేరు, పాములపాడు పక్కన పల్లెలో ఒక అన్న ఉన్నాడు. దినాలకు అన్న వచ్చినప్పుడు చెల్లెల్ని పిలుచుకుపోతాడని అందరం అనుకున్నాం. ఆయన వచ్చాడు, తిన్నాడు, పోయాడు. నేను ఉండబట్టలేక, "నువ్వూ పోకపోతివా మే" అన్నాను.

"యాడికి పోవాల అత్తా? ఈడనే ఉంటా. నువ్వు తిడితే నేను పడతా, నేనలిగితే నువ్వు పడు" అంది.

ఆ ఒప్పందం మీదే మా ఇద్దరి కాపురం నడిచింది. నేను తిట్టడంలో లోటు చేయలేదు, తను అలగడంలో లోటు చేయలేదు. కొన్నాళ్ళకు నంద్యాలలో ఒక కళ్ళజోళ్ళ షాపులో పని చూసుకుంది. పొద్దున ఆళ్లగడ్డలో బస్సెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకు వచ్చేది. వచ్చేటప్పుడు నాకు బత్తాయిలో, కారబ్బూందీయో, ఏదీ లేకపోతే బస్సులో విన్న తగాదానో మోసుకొచ్చేది. నాకు తగాదాలే ఎక్కువ ఇష్టం.

వాడు పోయాక ఏటా మిద్దె మీద సవుడు నేనే పోయించాను. మిద్దెల పని చేసే ఆయన మా ఊరివాడే. వచ్చిన ప్రతిసారీ చెప్పేవాడు, "మ్మా, ఈ తూరన్నా పాతది దించి పోసుకుందాం. దంతెలు మొయ్యలేకుండాయి" అని.

"వాడు పోసిన మన్ను ముట్టొద్దు. దాని మీదనే పొయ్యి" అనేదాన్ని.

వాడి కాళ్ళు తొక్కిన మన్ను అది. వాడి చొక్కాలు అడిగినవాళ్ళకు ఇచ్చేశాను, బండి అమ్మేశాను. ఆ మన్నును మాత్రం ఇవ్వబుద్ధి కాలేదు. దాని మీద నా పొరలు పోసి దాచుకున్నాను. పోసిపోసి మందం గవాక్షి అంచును దాటింది. గవాక్షి అంటే వెలుతురు కోసం మిద్దెకు వదిలే గుండ్రటి కంత. వాన నీళ్ళు దాంట్లోంచి గదిలోకి దూకుతున్నాయని బండ మూసి, బండ మీద కూడా సవుడు పోయించాను. కోడలి గదిలో పగలు కూడా లైటు వేసుకోవలసి వచ్చింది. అదే గదిలో ఒక మూల కారేది. తను సారెలో తెచ్చుకున్న ఇత్తడి బేసిన్ తెచ్చి ఆ మూల పెట్టేది. వానాకాలమంతా ఆ బేసిన్‌కు అదే ఉద్యోగం.

పోయిన చలికాలం ఒక సాయంత్రం ఇద్దరం పడసాలలో కూర్చుని విత్తనానికి శనక్కాయలు వలుస్తున్నాం. కోడలు తల ఎత్తకుండా, "అత్తా, ఒక మాట చెప్తే కొడ్తావా?" అంది.

"ముందు చెప్పు. కొట్టేది ఆనేక చూస్తాం."

చెప్పింది. నంద్యాలలో మోటార్లు రిపేరు చేసే ఆయన ఒకడు వాళ్ళమ్మ కళ్ళజోడు కోసం షాపుకు వచ్చాడట. తర్వాత ఆ కళ్ళజోడు మాటిమాటికీ విరిగిందట. విరిగినప్పుడల్లా ఆయనే తెచ్చేవాడట. అది విరగలేదు, ఆయనే విరిచాడని నాకు వినగానే అర్థమైంది. ఈ పిచ్చిదానికి అర్థం కావడానికి మూడు ఫ్రేములు పట్టింది. ఇంటి బాధ్యతల్లో పెళ్ళి వయసు దాటిపోయినవాడట. మా అమ్మ వచ్చి మీ అత్తతో మాట్లాడొచ్చా అని అడిగాడట.

నాకు కోపం వచ్చింది. చేట పక్కకు తోసి లేచి గొడ్ల దగ్గరికి పోయాను. ఎవరి మీద కోపమో అప్పుడు నాకే తెలియదు. నా కొడుకు ఇంకోసారి పోయినట్టు అనిపించింది. దాని నుదుటి మీద ఇంకొకరు బొట్టు పెడితే వాడు దానికి చుట్టం కూడా కాకుండా పోతాడేమో అనిపించింది. రెండు రోజులు దానితో మాట్లాడలేదు. తను మాత్రం అలగలేదు. ఎప్పుడూ అలిగేది ఆ రెండు రోజులూ అలగకుండా వండిపెట్టి బస్సెక్కింది. అదే నన్ను పొడిచింది.

మూడో రోజు ఒక సంగతి జ్ఞాపకం వచ్చింది. నా మొగుడు పోయినప్పుడు నేను ఇప్పటి ఈ పిల్ల కన్నా చిన్నదాన్ని. అప్పుడు చుట్టాలందరూ పొలం గురించి మాట్లాడారు, పిల్లవాడి చదువు గురించి మాట్లాడారు, బర్రెను అమ్మాలా వద్దా అని కూడా మాట్లాడారు. నీకేం కావాలని నన్ను ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు. వద్దనే అనేదాన్నేమో. కానీ అడగలేదన్న మంట ఇంతవరకూ ఆరలేదు. సాయంత్రం బస్సు దిగి వచ్చిన పిల్లను గడప దగ్గరే నిలబెట్టి, "నీకిష్టమేనా?" అని అడిగాను. అది చెప్పుల వైపు చూస్తూ తలూపింది. "అయితే పోయి చూసొస్తాం పా. ఆయన మోటార్లు బాగా చేస్తాడో, మనల్ని బోల్తా కొట్టిస్తాడో" అన్నాను.

నంద్యాలలో కోడలు నాకు సందులో ఉన్న మోటార్ల షాపు చూపించి తన పనికి పోయింది. ఎటు చూసినా రాగితీగలు, వార్నిష్ వాసన. ఆయన నన్ను చూసి స్టూలును భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. నేను కూర్చోకముందే ఇంకోసారి తుడిచాడు. సోడా తెప్పించాడు, తాగకముందే ఇంకో సోడా తెప్పించాడు. భయపడే మగవాడంటే నాకు నమ్మకం. లోపలి ఇంట్లో వాళ్ళమ్మ కొత్త కళ్ళజోడులోంచి నన్ను కిందికీ మీదికీ చూసి, "పిల్ల బంగారం. మాకేం వద్దు. పద్ధతులు మాత్రం జరగాల" అంది.

ఆ పద్ధతుల దగ్గరే చిక్కు వచ్చింది. పెళ్ళయ్యాక కొత్త జంట పిల్ల పుట్టింట్లో మూడు రాత్రులు పడుకోవాలి. మూడు నిద్రలు అంటాం. అక్కడినుంచే పాములపాడు అన్నకు నేనే ఫోన్ చేశాను. "ముండమోసినదానికి పెళ్ళేందీ? మా గడప తొక్కద్దని చెప్పు" అన్నాడు. నేను కూడా నాలుగు మాటలన్నాను, అవి ఇక్కడ రాస్తే బాగుండదు. మోటార్ల ఆయన తల్లి మాత్రం పట్టు విడవలేదు. "నిద్దర్లకు పుట్టిల్లు ల్యాకుంటే ఎట్లమ్మా? రేపు నలుగురూ ఆ పిల్లకు ఎవరూ ల్యారనుకోరా?" అంది.

"ఎవరూ ల్యారా? నేను సచ్చినానా? మా ఇంట్లోనే చేస్తారు" అనేశాను.

అనేసి బస్సెక్కాను. ఆళ్లగడ్డ వచ్చేదాకా కిటికీలోంచి పసుపు చేలు చూస్తూ కూర్చున్నాను. మా ఇంట్లో తలుపున్న గది ఒక్కటే అన్న సంగతి అప్పుడు తట్టింది. మిగతాదంతా పడసాల, వంటిల్లు. కొత్త జంట పడుకోవలసింది నా కొడుకు గదిలోనే. వంగిన దంతెలున్న గదిలో.

కోడలికి చెప్తే గది పైకప్పు వైపు చూసి, "ఆ గదిలోనా? నాకు భయం అత్తా. మిద్దె పడుతుందని కాదు" అంది. నాకు అర్థమైంది. ఇద్దరం ఆ మాటను అక్కడే వదిలేశాం.

ఎండలు ముదిరాక మిద్దె ఆయన వచ్చి గెడతో దంతెను తట్టి చూశాడు. పొట్టు రాలింది. ఒక దంతెకు వేలు దూరేంత బీట. "ఈడ గొడ్డును కూడా కట్టేయొద్దు మ్మా. ఇంగ కొత్త పెళ్ళికూతురునా? మొత్తం దించాల" అన్నాడు. ఇల్లు పడగొట్టి స్లాబు వేయించమని ఊళ్ళోవాళ్ళు సలహాలిచ్చారు. స్లాబుకు ఏడాది పడుతుంది, పెళ్ళి ముందుకొచ్చి నిలబడింది. నేను ఒక బేరం పెట్టాను. నేను పోయించిన పొరలు తీయాలి, వాడి పొర రాగానే ఆపాలి.

"వాని పొర యాడుందో నాకెట్ల తెలుస్తాది మ్మా?"

"నాకు తెలుస్తాది. నేనూ ఎక్కుతా."

వాడు పోయాక మిద్దె ఎక్కడం అదే మొదటిసారి. కొంగు బిగించి గడ్డపార పక్కనే నిలబడ్డాను. పొరలు ఉల్లిపాయలా ఒకదాని మీద ఒకటి విడివిడిగా ఉంటాయని నా లెక్క. ఆయన తవ్వాడు. కింద తెల్లగా గట్టిగా ఒకటే దిమ్మ. ఇంకాస్త తవ్వాడు. అదే తెలుపు, అదే గట్టితనం. నేనక్కడ కూర్చుని చేత్తో గీకి చూశాను. నా మన్నెక్కడ అయిపోయిందో, వాడి మన్నెక్కడ మొదలైందో తెలియలేదు. వాడిదీ, నా మొగుడిదీ, మా మామదీ, అన్నీ కలిసిపోయి ఒకటే గడ్డ. ఇన్నేళ్ళు నేను కాపలా కాసిన పొర అక్కడ లేదు.

పిట్టగోడ మీద కూర్చుని ఏడ్చాను. కళ్ళు తుడుచుకునే ఏడుపు కాదు, వీధివాళ్ళు బయటికొచ్చి చూసే ఏడుపు. కోడలు ఆ రోజు షాపుకు పోలేదు. పైకి వచ్చి, "అత్తా, నువ్వు కిందికి పో. నేను చూసుకుంటా" అంది. నేను పోలేదు. ఏడవడం అయ్యాక ముక్కు చీదుకుని, "ఆపొద్దు, తవ్వు అన్నా. అంతా దించెయ్యి" అన్నాను. ఖాళీ గంప అందుకున్నాను. కోడలు ఎత్తితే నేను మోశాను. రోహిణి ఎండ నడినెత్తిన ఉంది. ఆ రోజు కడుపునిండా తిన్నాను. నాలుగేళ్ళలో అంత ఆకలి ఎప్పుడూ కాలేదు.

మన్ను దిగేకొద్దీ దంతెలు కిర్రుమన్నాయి. విరుగుతున్నాయేమోనని నేను కేక పెడితే మిద్దె ఆయన నవ్వాడు. బరువు తగ్గి పైకి లేస్తున్నాయన్నాడు. బీట పడిన రెండు దంతెలు మార్చాడు, బోదగడ్డి కొత్తది పరిచాడు, పలుచగా ఒకే పొర సవుడు పోశాడు. గవాక్షి మీది బండ తీసినప్పుడు నేను కింద గదిలో ఉన్నాను. నేల మీద పళ్ళెమంత ఎండ పడింది. కోడలు పరుగెత్తుకొచ్చి ఆ ఎండలో కాలు పెట్టి చూసి, "కాలుతాంది అత్తా!" అని చిన్నపిల్లలా ఎగిరింది. దాని నవ్వు అంత గట్టిగా ఉంటుందని నేను మర్చిపోయాను.

వాడి ఫోటోను గదిలోంచి తెచ్చి పడసాల గోడకు నేనే తగిలించాను. అక్కడైతే వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ వాడికి కనబడతారు.

దించిన మన్ను వాకిట్లో గుట్టగా పడింది. సవుడు కలిసిన మన్నును ఏ చేనివాడూ తోలుకుపోడు. మా ఇంటి ముందు ఎప్పుడూ నీళ్ళు నిలిచే గుంత ఒకటుంది. మన్నంతా అందులో నింపి, చదును చేసి, నీళ్ళు చల్లి తొక్కించాను. దాని మీదే పెళ్ళి పందిరి గుంజలు నాటారు.

పిలుపులకు ఇంటింటికీ నేనే పోయాను. మా తోడికోడలు, నా బావగారి భార్య, ముత్తైదువ, పద్ధతులు పట్టుకుని ఊగే మనిషి, తలుపు సగమే తీసింది. "నీకేమన్నా మతి పోయిందా? కోడలికి పెళ్ళి చేసే అత్త యాడన్నా ఉంటాదా? మళ్ళా ఇంటింటికీ తిరిగి పిలుస్తాండావే, సిగ్గు ల్యా?"

"అక్కా, మన అహోబిలం సామి ఏటా పల్లకి ఎక్కి ఊరూరూ తిరిగి తన పెండ్లికి తానే పిలుచుకుంటాండాడు. ఆయప్పకు ల్యాని సిగ్గు నాకేందీ? చెంచుపిల్లను చేసుకున్నాడే, అది ఆయప్పకు మొదటి పెండ్లా? వస్తే రా, ల్యాకుంటే గమ్మునుండు" అన్నాను. ఆమె తలుపు వేసుకుంది.

అహోబిలంలో స్వామి ఎదుట మోటార్ల ఆయన తాళి కట్టాడు. మా పందిట్లో భోజనాలు. పిలిచినవాళ్ళలో సగం మందే వచ్చారు. వచ్చినవాళ్ళు మాత్రం రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నారు. పాములపాడు అన్న రాలేదు. సాయంత్రం కొత్త అల్లుడు పడసాలలో ఫోటో ముందు నిలబడి, "మిద్దె మీద సవుడు పోస్తాండింది ఈ అన్నేనా?" అని అడిగాడు. అవునన్నాను. గది తలుపు దగ్గర నేను రమ్మనే దాకా నిలబడ్డాడు.

మూడో నిద్ర అయిన మరునాడు వాళ్ళు నంద్యాలకు బయలుదేరాలి. మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. మృగశిర వాన, ఆ యేటికి మొదటిది, దబదబా కురిసింది. నా కాళ్ళు అలవాటు ప్రకారం వంటింట్లోకి పరుగెత్తాయి. ఇత్తడి బేసిన్ తీసుకుని గదిలోకి పోయి ఆ మూల పెట్టాను. కోడలు, నేను, ఇద్దరం పైకి చూస్తూ నిలబడ్డాం. చుక్క పడలేదు. అప్పుడు మిద్దె మీదినుంచి మగగొంతు కేక వినబడింది. "అత్తా! నీళ్ళు దోనెలో బాగా పోతాండాయి! యాడా నిలబడల్యా!"

వానలో తడుస్తూ అల్లుడు ఎప్పుడు ఎక్కాడో నేను చూడలేదు. మిద్దె మీదినుంచి నన్ను కేకేసే గొంతు మా ఇంట్లో నాలుగేళ్ళుగా లేదు. నేను వాకిట్లోకి పోయి, "దిగప్పా, జలుబు చేస్తాది!" అని అరిచాను.

వాన తగ్గాక ఒడిబియ్యం పెట్టాలి. పుట్టింటినుంచి పోయే పిల్ల కొంగులో తల్లి పోసే బియ్యం. నేను పోయకూడదు, ముత్తైదువ పోయాలి. ఎవరిని పిలుద్దామా అనుకుంటుంటే మా తోడికోడలు వాకిట్లో తడి కాళ్ళు తుడుచుకుంటూ కనబడింది. "వాన పడితే మీ మిద్దె నిలబడిందా ల్యా చూద్దామని వచ్చినా" అంది. పసుపు కలిపిన బియ్యం ఆమెకు ఇవ్వబోయాను. కోడలు ఆమె ముందు కాకుండా నా ముందు కొంగు పట్టి నిలబడింది.

"మే, ఆమె పొయ్యకూడదు" అంది తోడికోడలు.

"నాకు పెట్టేది అత్తే" అంది కోడలు. కొంగు అలాగే పట్టుకుంది.

తోడికోడలు బియ్యం చేట తనే ఎత్తి నా చేతులకు అందేలా పట్టుకుంది. "కానీ మల్ల. బస్సుకు టైమయితాంది" అంది. నేను దోసిళ్ళతో పోశాను. కొంగు నిండింది. చేటలో ఇంకా మిగిలాయి. వాటిని దేనిలో పోయాలా అని చూస్తే గది మూలన బేసిన్ ఉంది, పొడిగా. దాన్ని తెచ్చి, బియ్యం పోసి, గుడ్డ కట్టి అల్లుడి చేతికిచ్చాను.

"బేసిన్ ఉండనీ అత్తా. వానాకాలం కదా, నీకు కావాల" అంది కోడలు.

"కొండబోవే. నీ సారె బేసిన్ నాకెందుకు?" అన్నాను. "మిద్దె కారేది ల్యా ఇంగ."